కూర్చుని కొలిచే మేస్త్రి

మా మేస్త్రి కిటికీ ఎత్తును నిలబడి కొలిచేవాడు కాదు. ముక్కాలిపీట వేసుకుని, కూర్చుని కొలిచేవాడు.

అరవైల మొదట్లో నెల్లూరులో మా కంపెనీ కొత్త ఆఫీసు కట్టేటప్పుడు, గుమాస్తాల హాలు కిటికీలన్నీ అలాగే కొలిచి, ప్లానులో ఉన్నదానికన్నా అడుగు కిందికి పెట్టాడు. మేనేజరు చూసి మండిపడ్డాడు.

"ఎవడు దించమన్నాడు? పగలగొట్టు!"

మేస్త్రి సుత్తి అందుకున్నాడు. కొత్త హాలు చూడ్డానికొచ్చిన గుమాస్తాలం పక్కనే ఉన్నాం.

"ఈడ నిలబడేది తమరొక్కరే సామీ. వీళ్ళు పొద్దస్తమానం కూసోనుండేవాళ్ళు. ఒక్కసారి ఈ పీట మీద కూసోండి, ఆనక పగలగొడతా" అన్నాడు.

మేనేజరు విసురుగా కూర్చున్నాడు. మైపాడు వైపు నుంచి వచ్చే సముద్రపు గాలి నేరుగా ఆయన ముఖానికి తగిలింది. చాలాసేపు లేవలేదు. లేచాక, వద్దన్నట్టు సుత్తి వైపు చెయ్యి ఊపి వెళ్ళిపోయాడు.

అప్పుడు గానీ మేస్త్రి చేతిలో సుత్తి కింద పెట్టలేదు.