మబ్బు కింద పూసిన పచ్చరంగు

పోయిన ఆదివారం ప్రార్థన నుంచి రాగానే మా చెల్లెలి మనవరాలు అన్నం తినే బల్ల మీద కంప్యూటర్ తెరిచి, సుందర్‌బన్ మడ అడవుల మీద తాను ఎగరేసిన డ్రోన్ తీసిన బొమ్మలు నాకు చూపించింది. అడవులను పైనుంచి కొలిచి పటాలు తయారుచేసే ఉద్యోగం దానిది. ఒక్కొక్క చెట్టు తలా విడివిడిగా కనబడుతోంది. ఏది ఎండిందో, ఏది కొత్తగా మొలిచిందో యంత్రమే రంగులు వేసి చెబుతుందట. "ఏటి పెద్దమ్మమ్మా, మాటాడవేటి? బాగులేదేటి?" అంది. బాగుందన్నాను గానీ, ఆనాటి నుంచి నాకు ఒకచోట కాలు నిలవడం లేదు. కూర తరుగుతూ తరుగుతూ లేచిపోతున్నాను, ఎందుకు లేచానో మరిచి మళ్ళీ వచ్చి కూర్చుంటున్నాను. నేనూ ఒకప్పుడు ఆ పనే చేసినదాన్ని. అందులో నేను చేసిన ఒక తప్పును నా ఈడువాళ్ళైన మీతో చెప్పుకోవాలి.

మా నాన్న శ్రీకాకుళం తీరం నుంచి వచ్చి ఈ నగరంలోని ఖిదిర్‌పూర్ ఓడరేవులో బస్తాలు మోసిన మనిషి. తనకు అక్షరం ముక్క రాకపోయినా, మా బడి పంతులమ్మ చెప్పిందని నాకు పటాలు గీసే విద్య నేర్పించాడు. అడవుల పటాలు తయారుచేసే ఆఫీసులో నాకు ఉద్యోగం దొరికిననాడు రేవులో అందరికీ సందేశ్ మిఠాయి పంచాడట. మా గదికి పెద్ద ఒక బెంగాలీ ఆయన, అన్న అనే అర్థంలో అందరం దాదా అనే పిలిచేవాళ్ళం. విమానం నుంచి తీసిన రెండు నలుపు తెలుపు ఫోటోలను పక్కపక్కన పెట్టి, జంట కటకాల పరికరంలోంచి చూడడం ఆయనే నేర్పాడు. మూడు రోజులు తలనొప్పి తప్ప ఏమీ రాలేదు. నాలుగోనాడు ఉన్నట్టుండి అడవి కాగితం మీంచి లేచి నిలబడింది. చెట్ల తలలు గుచ్చుకుంటాయేమోనని చెయ్యి వెనక్కి తీసుకున్నానంటే నమ్ముతారా?

కొన్నేళ్ళకు కంప్యూటర్లు వచ్చాయి. పాత పటాల మీది గీతలన్నిటినీ బిందువు బిందువుగా అందులోకి ఎక్కించి, ఉపగ్రహం పంపిన కొత్త బొమ్మతో పోల్చి దిద్దాలి. మా గదిలో ఉన్న ఒక్కగానొక్క ఆడదాన్ని నేనే కనుక, అందరికంటే ముందు ముగించాలన్న పంతం నాకు పట్టుకుంది. అటువంటి రోజుల్లో ఒక పటం వచ్చింది. ఏటి ఒడ్డున ఒక ఊరు, ఊరికి కరకట్ట, కట్టకు ముందు అలల దెబ్బ కాచే సన్నని మడ అడవి. కొత్త బొమ్మలో సరిగ్గా ఆ అడవి మీదనే తెల్లని మబ్బు. మబ్బు కింద ఉన్నదాన్ని చూడలేదని అడ్డగీతలు గీసి వదిలెయ్యాలన్నది నియమం. గీస్తే ఆ పటం ఇంకో బొమ్మ వచ్చేదాకా పక్కన పడి ఉంటుంది. పాత ఫోటోలో చిక్కని అడవి ఉంది కదా, చెట్లు లేచి ఎక్కడికి పోతాయనుకొని పాత గీతనే ఉంచి పచ్చరంగు నింపేశాను. దాదా నా మీద నమ్మకంతో సంతకం పెట్టాడు.

ఆ పటాలను బట్టే, ఏయే ఊళ్ళ ముందు మడమొక్కలు నాటాలో జాబితా వేశారు. అందులో ఆ ఊరు లేదు. ఉన్న అడవికి మళ్ళీ మొక్కలెందుకు? జాబితా నా చేతికి వచ్చిననాటి నుంచి, ఆ మబ్బు కింద నిజంగా ఏముందోనన్న అనుమానం నాకు పట్టుకుంది. చివరికి నాన్నతో చెప్పాను. ఆయన మోకాళ్ళకు నూనె రాసుకుంటూ విని, "కాయితమ్మీద రంగేసీసి కూకుంటే అడివి మొలిసీద్దేటే అమ్మీ? అనుమానమొచ్చినాక ఎల్లి సూసి రావాల గానీ, నన్నడుగుతావేటి?" అన్నాడు. ఆడవాళ్ళను పడవల మీద పంపే అలవాటు మా ఆఫీసులో లేదు. దాదాను వారం రోజులు ప్రాణం తీసి ఒప్పించాను.

పడవ చేరేసరికి పోటు తగ్గి ఉంది. కట్ట ముందు బురద తప్ప ఏమీ లేదు, అక్కడక్కడ కుళ్ళిన మొద్దులు. కట్టకు లోపలివైపే ఇల్లున్న ఒకావిడ రొయ్యపిల్లల వల ఆరేస్తోంది. చెట్లు ఏట్లో కలిసిపోయి నాలుగైదు వానాకాలాలైందని చెప్పి, దూరం నుంచి మోసి తెచ్చుకున్న మంచినీళ్ళు నాకొక గ్లాసు ఇచ్చింది. నా చంకలోని పటం చుట్టను చూసి, తన బెంగాలీలో, "దిదీ, పక్కూరికి మొక్కలొచ్చాయి. మా ఊరు మీ కాగితంలో లేదా?" అని అడిగింది. ఉంది, పచ్చగా ఉంది. చుట్టను కొంగు కింద దాచుకొని పడవ వైపు నడిచాను.

తిరిగి వచ్చీ రాగానే దాదాకు జరిగింది జరిగినట్టు చెప్పాను. ఆయన కోప్పడలేదు, తానే ఉత్తరం రాసి, ఆ ఊరిని మరుసటి ఏటి జాబితాలో చేర్పించాడు. మరుసటి ఏడు రాకముందే తుఫాను వచ్చింది. కట్ట అక్కడే తెగి పొలాల్లోకి ఉప్పునీరు చొచ్చుకుపోయింది. ముందే నాటి ఉన్నా మోకాలెత్తు మొక్కలు ఆ గాలిని ఏమాపుతాయని దాదా ఎన్నోసార్లు అన్నాడు. అది నిజమే కావచ్చు, కానీ ఆ నిజం నాకెన్నడూ ఒంటపట్టలేదు. చలికాలంలో నాటేవాళ్ళతో కలిసి వెళ్తే, ఆవిడ ఇల్లున్న చోట పాయ పారుతోంది. ఆవిడా మొగుడూ కూలికి నగరానికి వెళ్ళిపోయారన్నారు. ఆ తరువాత ఏళ్ళ తరబడి ఖిదిర్‌పూర్ బజారులో, హౌరా పడవల రేవులో తట్టలెత్తుకున్న ఆడవాళ్ళ ముఖాలు వెతుకుతూ తిరిగాను. దొరికితే ఏం చెబుదామనుకున్నానో నాకే తెలియదు. దొరకలేదు.

ఇదంతా నిన్న మనవరాలికి చెప్పాను. ఇప్పుడు మబ్బు అడ్డం కాదట, దాన్ని దాటి చూసే యంత్రాలు వచ్చాయట, నాలుగు రోజులకొక కొత్త బొమ్మ దిగుతుందట. సంతోషమే. ఆ సౌకర్యం నా చేతికి ఉంటే ఆ ఊరికి ఒక ఏడు కలిసొచ్చేదేమో. అయితే మా కాలంలో ప్రతి పటం అడుగున ఒక మూల గీసినవాళ్ళ పొడి అక్షరాలు ఉండేవి. ఆ పటం మీద నావి ఉన్నాయి కనుకనే నేను పడవెక్కాను. మనవరాలి బొమ్మల్లో నాలుగు మూలలూ వెతికాను. తేదీ ఉంది, గంటా నిమిషమూ ఉన్నాయి, మనిషి పేరు మాత్రం లేదు. రేపు ఏ ఊరి ముందైనా లేని అడవి ఉన్నట్టు కనబడితే, నిలవలేక వెళ్ళి చూసి వచ్చేది ఎవరని అడిగాను.