పులివేషగాడి భయం

నా చిన్నప్పుడు బరంపురంలో ఠాకురాణి జాతర రెండేళ్లకోసారి వచ్చేది, ఇప్పుడూ అంతే. జాతరంటే అందరికీ సంబరం, నాకు మాత్రం జ్వరం. కారణం పులివేషం. ఒంటినిండా పసుపు రంగు, నల్ల చారలు, నడుముకు తోక కట్టుకుని ఒకాయన డప్పులతో మా వీధిలోకి దూకేవాడు. ఆ డప్పు వినబడితే చాలు, నేను పరుగెత్తుకెళ్లి వీధి తలుపు గడియ పెట్టేసేదాన్ని.

ఒక జాతరప్పుడు అలాగే గడియ పెట్టి పెరట్లో బట్టల మూటల వెనక దూరాను. కాసేపటికి ఆ పులి మంచినీళ్ల కోసం సందులోంచి మా పెరట్లోకే వచ్చింది! నేను మూటల్లోకి ఇంకా ముడుచుకున్నాను. ఆయన నన్ను చూడనే లేదు, నూతి గట్టు మీద కూలబడ్డాడు. చెంబెడు నీళ్లూ గటగటా తాగేశాడు.

నీళ్లిచ్చిన మా తాతయ్యతో మెల్లగా అన్నాడు: "ఏటి సెప్పమంటారు బాబూ! ఆడినంతసేపూ మేడల మీంచి అందరూ సూస్తారు. ఆట ఆగీసరికి తలుపులేసేస్తారు. డప్పులోళ్లకి ఏటిచ్చేది? గడియ సప్పుడైతే సాలు, నాకు కాళ్లాడవు. ఈ జాతర గడిస్తే మరి ఏషం కట్టలేను."

పులికి భయమా! అదీ నేను పెట్టే గడియకి! నాకు ఏడుపొచ్చేసింది.

ఆ ఏడుపు విని తాతయ్య నన్ను బయటికి లాగి చేతిలో నోటు పెట్టాడు. "ఎల్లే, ఆడకముందే ఇచ్చీ. అప్పుడు మన తలుపుకేసి సూడకుండా ఆడతాడు."

కళ్లు గట్టిగా మూసుకుని ఇచ్చాను. ఆయన వీధిలోకెళ్లి ఆడాడు చూడండీ, అబ్బ! ఏ గుమ్మం వైపూ తల తిప్పలేదు. నేను మొదటిసారి తలుపు తీసి నిలబడి చూశాను.

మరుసటి జాతరకు ఆయన రాలేదు. కొడల అనే ఊళ్లో మూటలు మోస్తున్నాడని డప్పులవాళ్లు చెప్పారు. మా ఒక్క ఇల్లు ముందే ఇస్తే సరిపోతుందా మరి?

ఇప్పుడు నా మనవరాలు పాటలు పాడి ఫోన్లో పెడుతోంది. నచ్చితే తోచింది ఇవ్వండని కింద రాస్తుంది. వినేవాళ్లకు కొదవ లేదు, ఇచ్చేవాళ్లే అరుదు. నేను మాత్రం అది గొంతు సవరించుకోకముందే పంపించేస్తాను. "ఇనకుండానే పంపీసినావేటి అమ్మమ్మా!" అని నవ్వుతుంది. నవ్వనీ. దాని పాట ఎంత బాగుంటే, అదీ ఆ పులివేషంలా ఆగిపోతుందేమోనని నాకు అంత భయం.