మూసి ఉంచిన పూజగది

ఈ పరాయి దేశంలో మాది నూట ముప్ఫై ఏళ్ల నాటి విక్టోరియన్ ఇల్లు. ఊళ్లోని పాత ఇళ్లు చూడటానికి ఈ రోజు జనం వస్తారని, తలుపుల ఇత్తడి పిడులన్నీ వారం పాటు చింతపండుతో తోమాను.

పొద్దున మా అమ్మాయి, "అమ్మా, పూజ రూమ్ డోర్ క్లోజ్ చేసెయ్. వాళ్లు హౌస్ హిస్టరీ చూడ్డానికి వస్తున్నారు" అంది.

"నువ్వు నడక నేర్చింది ఈ ఇంట్లోనే కదే!"

"అది కౌంట్ అవ్వదు అమ్మా."

దీపం కొండెక్కకుండా తలుపు మెల్లగా మూశాను. వచ్చినవాళ్లు ఆ తలుపు ముందే ఆగి, పిడికి ఫొటోలు తీసుకున్నారు. ఆనాటి మెరుపు ఇంకా అలాగే ఉందని మురిసిపోయారు. మా అమ్మాయి అవునంటూ నవ్వింది.

చింతపండు సంగతి నేను చెప్పలేదు. మీరైతే చెప్పేవారా?