ఎర్రన్న చక్రాల గది

ఎర్రన్నని ఒకచోట కూర్చోబెట్టడం కన్నతల్లి వల్లే కాలేదు, ఇక కోనాడ ఊరివాళ్ల వల్ల ఏమవుతుంది? అందులోనూ ఈమధ్య మనిషి మరీ కాలుకాలిన పిల్లిలా తిరుగుతున్నాడు. లేస్తూనే టైర్లు తన్ని చూస్తాడు. పళ్లు తోముకుంటూ మళ్లీ తన్ని చూస్తాడు. టీ గ్లాసు పట్టుకుని బండి చుట్టూ తిరిగి, కొక్కెం దగ్గర వంగి, గొలుసు లాగి, ఆ టీ కాస్తా చల్లారబెట్టి, "గురమ్మా, ఇంకో టీ ఎట్టే" అంటాడు. గురమ్మ ఎట్టదు. "ముందుది తాగి సావు" అంటుంది. మొగుడంటే ప్రేమ లేక కాదు, ఆవిడ మాటే అంత.

బండంటే మామూలు బండి కాదు. పాత బొలేరో వెనక తగిలించుకుని లాక్కుపోయే గది. రెండు చక్రాలు, ఓ తలుపు, రెండు కిటికీలు, లోపల ఇద్దరు పడుకునే చెక్కమంచం, పొయ్యి పెట్టుకునే గట్టు, బాగా వెనక్కి గోడవారగా మూతతో ఒక బల్లపెట్టె. అడుగున ఇనప చట్రం గురమ్మ తమ్ముడు కొండబాబు వెల్డింగ్ చేసి ఇచ్చాడు. అతనికి విజయనగరంలో ట్రాక్టర్ ట్రక్కులు కట్టే షెడ్డుంది. పైన గది మాత్రం అచ్చంగా ఎర్రన్నదే. పగిలిన ఫైబర్ బోట్లకి అతుకులెయ్యడం అతని పని. బోటుకి చేసినట్టే ఫైబరు గుడ్డ పరిచి, జిగురులాంటి రెసిన్ పూసి, ఆరాక మళ్లీ పరిచి, మళ్లీ పూసి గోడలు లేపేశాడు. బోట్లకి కొట్టగా మిగిలిన నీలం రంగే దీనికీ కొట్టేశాడు.

"ఏటి మావా, ఐసుపెట్టెకి సక్రాలేసినావేటి?" అని తీరం మీద కుర్రాళ్లు వెక్కిరించారు.

"నవ్వండ్రా, నవ్వండి. నేపాలెల్తన్నాం. నానూ, మీ అత్తానూ. పరదేశం!"

ఆ మాటతో నవ్వులు ఆగిపోయాయి. ఆ ఊళ్లో ఎర్రన్న నోటివెంట పరదేశం అన్న మాట వస్తే నవ్వే దమ్ము ఎవరికుంది?

అతను ఒకసారి పరదేశం వెళ్లొచ్చాడు మరి. వెళ్లడమా అది? చేపలవేటకి సముద్రంలో ఉండగా ఇంజను చచ్చిపోయింది. గాలికి బోటు ఎటో కొట్టుకుపోయి, నీళ్లలో కంటికి కనబడని గీతేదో దాటేసిందట. తుపాకులవాళ్లు వచ్చి బోటుతో సహా పట్టుకుపోయారు. ఏడాది పైనే జైలు. తెలియని భాష, తెలియని కూడు. ఇక్కడ గురమ్మకి మనిషి బతికున్నాడన్న కబురు అందడానికే నెలలు పట్టింది. ఈలోగా పలకరించడానికి వచ్చిన ఆడవాళ్లు కొందరు ఆవిడ మొహం చూడకుండా చేతి గాజుల వంక చూసేవారు. వాళ్లని ఈరోజుకీ గడప తొక్కనివ్వదు. చేపలగంప నెత్తినెట్టుకుని ఊరూరా తిరిగి అమ్ముకుంటూ, మధ్యలో ఆఫీసుల మెట్లెక్కి దిగుతూ, తిన్నానో లేదో కూడా తెలియకుండా ఆ కాలం వెళ్లదీసింది. తిరిగొచ్చిన రోజు విజయనగరం స్టేషన్లో ఎర్రన్న పెళ్లాన్ని గుర్తుపట్టలేకపోయాడు. అంత చిక్కిపోయింది. జైలుకెళ్లింది నానా, ఇదా అనుకున్నాడట.

ఆ తర్వాత అతను వేటకి వెళ్లలేదు. తీరం మీద అతుకులేసుకుంటూ, పొద్దుటిపూట చేపల వ్యాన్ తోలుకుంటూ బతుకుతున్నాడు. ఒంటికి పని ఉంది గానీ మనసుకి లేదు. రాత్రి అన్నం ముందు కూర్చుని కూడా సగంలో లేచి వీధిలోకి వెళ్లి నిలబడేవాడు. ఎందుకు లేచావంటే అతనికే తెలిసేది కాదు.

అలాంటి రోజుల్లో చింతపల్లి తీరానికి పాండిచ్చేరి నుంచి ఓ మొగుడూపెళ్లాలు కారు వెనక ఇలాంటి గదే లాక్కొచ్చారు. దాని గోడ బీటిస్తే ఎర్రన్న అతికిపెట్టాడు. నేపాల్ తిరిగొస్తున్నామన్నారు.

"సరిహద్దు కాడ ఏటి సేసినారు బాబూ?"

"ఏముంది, ఓటరు కార్డు చూశారు, బండికి చీటీ రాసిచ్చారు, గేటెత్తారు."

"గేటెత్తుతారా? ఆళ్లే ఎత్తుతారా?"

ఆయనకి ఆ ప్రశ్న ఏం అర్థమవుతుంది, నవ్వి ఊరుకున్నాడు. కానీ ఆ గేటు మాత్రం ఎర్రన్న బుర్రలో దూరి కూర్చుంది. పట్టపగలు, అందరూ చూస్తుండగా కార్డు చూపించాలి. వాళ్లే గేటెత్తాలి. తను దర్జాగా అవతలికి పోవాలి. మళ్లీ తనకి బుద్ధి పుట్టినప్పుడు ఇవతలికి రావాలి. ఒక్కసారి అలా జరిగితే చాలు, తను దొంగ కాదని తనకే నమ్మకం కుదురుతుంది. పక్కన గురమ్మ ఉండాలి. ఆవిడ చూడకపోతే వెళ్లినా ఒకటే, వెళ్లకపోయినా ఒకటే.

చిక్కల్లా గురమ్మతోనే వచ్చిపడింది. వేటకెళ్లేవాళ్లలో ఆడమనిషి బోటు ఎక్కకూడదు, అది కట్టుబాటు. అందుకని పెళ్లయిన దగ్గర్నుంచీ అతను వెళ్లడం, ఆవిడ ఒడ్డున నిలబడి చూడడం. ఇద్దరూ కలిసి ఊరు దాటిందల్లా రామతీర్థం తిరనాళ్లకి, అదీ బస్సులో, వేరువేరు సీట్లలో. నేపాల్ అనేసరికి మొదట ఆవిడకీ సరదా పుట్టింది. సరిహద్దు అనేసరికి మొహం మాడిపోయింది.

"బండెక్కుతాను మావా. గేటు దాకా వస్తాను. గీత మాత్రం దాటను. ఇవతల కూకుంటాను, నువ్వు సూసొచ్చీ."

"అంత దూరమొచ్చి గేటు దాటవా? మరేటికే రావడం?"

"ఒల్లకో, ఇంక అడక్కు. దాటనన్నాను, దాటను."

బతిమాలాడు, కోప్పడ్డాడు, రెండు పూటలు మాట్లాడ్డం మానేశాడు. ఆవిడ దిగిరాలేదు. దాంతో ఎర్రన్న తిరుగుడు ఇంకా ఎక్కువైంది. బిగించిన నట్టు విప్పి మళ్లీ బిగించేవాడు. సామాను సర్దేవాడు, తీసేవాడు, ఇంకేదో తెచ్చి ఇరికించేవాడు. వెనక బల్లపెట్టె దగ్గరికి గురమ్మని రానిచ్చేవాడు కాదు.

"అంత బరువూ ఎనకేటి?" అని ఆవిడ ఓసారి అడిగింది.

"నీకేటి తెల్సు? ఎనక బరువుంటేనే బోటు ముక్కు లేస్తాది, అలని కోసుకుపోతాది."

నిజమే, ఎన్నేళ్లనుంచో వలా, ఐసూ, డీజిలూ అన్నీ వెనక్కి నెట్టి బోటు తోలిన మనిషి. చేతులకి తెలిసింది అదే.

ప్రయాణానికి ముందు పూర్తి బరువుతో ఓసారి హైవే మీద తోలి చూడమని కొండబాబు పట్టుబట్టాడు. ఆదివారం పొద్దున్న పూసపాటిరేగ దగ్గర హైవే ఎక్కి రణస్థలం వైపు పోనిచ్చారు. ఎర్రన్న పక్క సీట్లో గురమ్మ, వెనక మోటారు సైకిలు మీద కొండబాబు. మొదట బాగానే ఉంది. ఎర్రన్న ఈల కూడా వేశాడు. ఓ వంతెన దిగుడులో బస్సొకటి పక్కనుంచి రయ్యిమని దూసుకుపోయింది. ఆ గాలికి గది తోక ఒక్కసారి అటు కొట్టింది. వెంటనే ఇటు కొట్టింది. ఇంక ఆగలేదు. కొట్టిన ప్రతిసారీ బొలేరో వెనక భాగాన్ని పట్టి ఈడుస్తోంది. స్టీరింగు చేతిలోనే ఉంది, బండి మాత్రం మాట వినడం లేదు.

"ఓలమ్మో! గంగమ్మ తల్లో! ఆపు మావా, ఆపు!"

ఎర్రన్న బ్రేకు తొక్కలేదు. తొక్కితే తిరగబడుతుందని ఒళ్లే చెప్పింది. కాలు తీసేసి, స్టీరింగు బిగబట్టి కూర్చున్నాడు. ఊపు తగ్గి తగ్గి, ఎలాగో సర్వీసు రోడ్డులోకి దిగి బండి ఆగింది.

కొండబాబు వస్తూనే అందుకున్నాడు. "నీకు బుర్రున్నాదా బావా? ఎనక ఏనుగునెక్కించినావేటి? తోక బరువైతే ఇలగే కొడతాది. బరువు సక్రాలకి ముందరుండాల. ఇది బోటు కాదు!"

గురమ్మ దిగి రోడ్డు పక్క గట్టు మీద కూలబడింది. "నాను రాను. గేటు దాకా కూడా రాను. ఒక్కడివే ఎల్లు, నేదా మానుకో," అంది.

ఎర్రన్నకి ప్రాణం ఉసూరుమంది. ఇన్నాళ్ల ఆశ ఆ గట్టు మీద కూలబడినట్టే అయింది. ఈలోగా కొండబాబు గది తలుపు తీసి లోపలికి ఎక్కబోయాడు. "ఏటి నింపినావో సూస్తానుండు."

"ఒగ్గీరా! ఇంటికెల్లాక నాను తీస్తాను," అని ఎర్రన్న గబుక్కున వెళ్లి తలుపుకి అడ్డం నిలబడ్డాడు.

అలా నిలబడ్డమే తప్పయింది. గురమ్మకి అనుమానం తగిలింది. లేచి వచ్చి, మొగుణ్ని పక్కకి నెట్టి, లోపలికెక్కి బల్లపెట్టె మూత ఎత్తింది. బియ్యం బస్తా. నీళ్ల క్యాన్లు. పప్పు, చింతపండు, నూనె. ఎండుచేపల మూటలు. ఓ సంచి నిండా ఆవిడ బీపీ మాత్రలు. ఆడమనిషి స్వెట్టర్లు, ఓ కొత్త రగ్గు. అన్నిటి మీదా ఒక కంచం, ఒక గ్లాసు.

"నాలుగు రోజులు తిరిగొచ్చీదానికి బస్తా బియ్యమేటి?" అంది. తర్వాత కంచం చేతిలోకి తీసుకుంది. దాని కింద వెతికింది. "నీ కంచమేది మావా?"

కొండబాబు ఇద్దరి మొహాలూ చూసి, "అలగెల్లి టీ అట్టుకొస్తాను," అని జారుకున్నాడు.

ఎర్రన్న నిలబడలేక అటు నడిచాడు, ఇటు నడిచాడు. టైరు తన్నబోయి మానేశాడు. చివరికి నేల చూస్తూ చెప్పాడు. "ఒకేల ఆపేస్తేనే? నా పేరు ఎక్కడో రాసుంటే? గేటవతల నన్ను ఒట్టుకుపోతే నువ్వు ఇవతల ఒక్కదానివీ ఉండిపోతావు. బాస రాదు, మనిసి తెల్దు. నానొచ్చీదాకా నువ్వు తినాల కదే. కిందటిసారి తిన్నేదు నువ్వు. గదుంటే తలుపేసుకుని పడుకుంటావు. అందుకే..." అంత మనిషీ లారీలు పోతున్న రోడ్డు పక్కన భోరుమన్నాడు.

గురమ్మకి ముందు జాలి రాలేదు, ఒళ్లు మండింది. ఇన్నాళ్లూ భయం తనది, సరదా అతనిది అనుకుంది. తీరా చూస్తే తనకంటే ఎక్కువ వణికిపోతున్నది ఈ మనిషి.

"అంటే నువ్వు నీకోసం కట్నేదు ఈ గది. నన్ను కూకోబెట్టడానికి కట్టినావు! గేటు పక్కన, ఒక్క కంచం ముందర, మళ్లీ నీకోసం ఎదురుసూడమని?"

"అది కాదే..."

"అదే!"

కొంగు చుట్టకుదురు చేసి నెత్తిన పెట్టుకుంది. "సెయ్యి సాయమట్టు," అని బస్తా నెత్తికెత్తుకుని కిందకి దింపింది. ఎండుచేపల మూటలు దింపింది. క్యాన్ల మూతలు విప్పి నీళ్లన్నీ గట్టున పారబోసింది. ఎర్రన్న ఆపబోతే చెయ్యి విదిలించింది. ఆ పని చేస్తున్నంతసేపూ ఆవిడ కూడా ఏడుస్తూనే ఉంది, తిడుతూనే ఉంది. పెట్టె ఖాళీ అయ్యాక కంచం ఒక్కటీ పొయ్యి గట్టు మీద పెట్టి దిగింది.

"ఇనుకో. ఒడ్డున నిలబడి సూడ్డం ఇంక నా వల్ల కాదు. ఆ గేటు కాడ నువ్వు బండి తోలుకుని రా. నాను దిగి ముందర నడుస్తాను. ఆపితే ముందు నన్నాపాల. నోపలెడితే ఇద్దర్నీ ఎట్టాల."

"నువ్వు ముందరేటే? ఆళ్లు కార్డడిగితే? ఏదైనా అంటే?"

"సూపిస్తాను. నాకు సేతుల్లేవా? ఎక్కు, బండి తియ్యి. ఇప్పుడే సూపిస్తాను నీకు."

ఎర్రన్న కళ్లు తుడుచుకుని ఎక్కాడు. గురమ్మ జాకెట్లోంచి సంచి తీసి, అందులోంచి ఓటరు కార్డు తీసి, చెయ్యి పైకెత్తి పట్టుకుని సర్వీసు రోడ్డు మధ్యలో నడవడం మొదలుపెట్టింది. మేకలు తోలుకొస్తున్న ముసలాయన ఆవిణ్ని చూసి మందని పక్కకి అదిలించుకున్నాడు. టీ గ్లాసులతో ఎదురొచ్చిన కొండబాబు నోరెళ్లబెట్టి అక్కడే నిలబడిపోయాడు. వెనక బొలేరో, దాని వెనక నీలం గది, మనిషి నడక వేగంతో కదిలాయి. ఎర్రన్న గేరు మార్చలేదు, హారన్ కొట్టలేదు. ఆవిడ మడమల వంకే చూస్తూ తోలాడు. గురమ్మ ఒక్కసారి కూడా వెనక్కి తిరిగి చూడలేదు.