అడిగినా చెప్పని జవాబు

ధర్మవరంలో పట్టుచీరలు నేసే ఆదెన్న, 1978లో అన్న గుండెపోటుతో పోయినప్పటి నుంచి మాటిమాటికీ తన నాడి తానే చూసుకునేవాడు. బెత్తెడు నేసేసరికి మగ్గం ఆపి, "మొగం పాలిపోయిండాదా, తిప్పమ్మా?" అని భార్యను అడిగేవాడు. ఏమీ లేదని ఆమె చెబితే, ఆ ధైర్యం గడియసేపు కూడా నిలిచేది కాదు.

అనంతపురంలో ఒక ముసలి డాక్టరు అన్నీ పరీక్షించాడు. "నీ గుండె బాగుండాదప్పా. జబ్బంతా భయానిదే. భయమేసినా మగ్గం ఆపొద్దు, నాడి పట్టుకోవద్దు," అన్నాడు. తిప్పమ్మ వైపు తిరిగి, "ఆయప్ప అడిగినా నువ్వు బదులు చెప్పొద్దమ్మా, చెప్పేకొద్దీ భయం పెరుగుతాది," అన్నాడు.

ఆమెకు అదే కష్టమైంది. మొదటిరోజు ఆదెన్న అలిగి అన్నం ముట్టలేదు. ఆమె పట్టుదారం కండెలకు చుడుతూ కొంగుతో కళ్లు తుడుచుకుంది కానీ నోరు విప్పలేదు. మరునాటి నుంచి అతను అడగబోతే చాలు, తనకల్లు ఊళ్లో జరిగిన తమ పెళ్లి ముచ్చట్లు ఎత్తుకునేది. వింటూ వింటూ అతని చేతులు మళ్లీ నేతలో పడేవి.

ఏడాది తిరిగేసరికి అడగడం బాగా తగ్గింది. భయం మాత్రం అప్పుడప్పుడూ తొంగిచూసేది.

"మళ్లా వచ్చిండాదే," అనేవాడు ఆదెన్న.

"రానీలే, నువ్వు నెయ్యి," అనేది తిప్పమ్మ.

ముసలితనంలో ఆమె ఎక్కువగా తలచుకున్నది, మగ్గం పక్కన కబుర్లు చెబుతూ గడిపిన ఆ ఏడాదినే.