దేశదేశాలు చూసిన క్యారేజీ

మా ఆవిడకి గొంతు ఆపరేషన్ చేసి గవర్నర్‌పేట ఆసుపత్రిలో ఉంచినన్నాళ్ళూ ఆమె బతికింది మా మరదలు పంపిన జావ మీదే. మరదలుండేది దివిసీమలో. తెల్లారకుండానే లేచి రాగిజావ కాచి, మెత్తగా చిదిమిన పప్పన్నం ఒక గిన్నెలో పెట్టి, అడుగు గిన్నెలో నాకని ఏదో కూర వేసి, క్యారేజీకి గుడ్డ బిగించి, ఊళ్ళోకొచ్చే మొదటి బస్సు డ్రైవర్ చేతికిచ్చేది. అతనిదీ ఆ ఊరే. నన్ను బాబాయ్ అనేవాడు. క్యారేజీని పక్కనే ఇంజను పెట్టె మీద పెట్టుకుని బెజవాడ తెచ్చేవాడు. నేను బస్టాండులో ఆ బస్సు ఆగే చోట స్తంభానికి ఆనుకుని నిలబడి ఉండేవాణ్ణి.

"బాబాయ్, కాలుతోంది, గుడ్డతో పట్టుకో. పిన్నికెలా ఉంది?"

"మాటొస్తోందిరా. నన్ను తిట్టడానికి సరిపడా వచ్చింది."

ఇది మేం కొత్తగా కనిపెట్టిన ఏర్పాటేం కాదు. నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ ఈ డెల్టాలో బస్సు డ్రైవర్లు మోసుకొచ్చింది మనుషుల్నొక్కళ్ళనే కాదు. హాస్టలు పిల్లలకి అన్నం, బాలింతకి కారప్పొడి, కోర్టు పని మీద వచ్చి దిగబడిపోయిన వాడికి ఉతికిన పంచె. ఎవరి సంచి ఎవరిదో డ్రైవర్‌కి తెలుసు. ఎప్పుడైనా తారుమారైతే పక్కవాడి వంకాయ కూర మనం తినేవాళ్ళం, అంతే.

నేను ఆటోనగర్‌లో బస్సు బాడీలు కట్టి ముసలాణ్ణయిన వాణ్ణి. బడి నాలుగో తరగతితో సరి. మిగతా చదువంతా షెడ్డులోకి విడిభాగాలు చుట్టొచ్చే పాత పేపర్లలోనే. అందుకే పేపరు చదివితే మూల మూలా చదువుతాను, టెండరు ప్రకటనలతో సహా. భద్రతంటే నాకు వెటకారం లేదు. ఒకసారి ఏవో గొడవల్లో తగలబడిన బస్సుని బాగుచెయ్యమని మా షెడ్డుకి తోలారు. కిటికీ అద్దాలు కరిగి తలుపు మీదకి జారి గడ్డకట్టి ఉన్నాయి. లోపలికెళ్ళి గీకే పని నాది. ఆ వాసన నా ఒంటి మీద నుంచి వారం దాకా పోలేదు, అన్నం ముద్ద నోట్లో పెట్టుకోబుద్ధి కాలేదు. బస్సుల్నీ రైళ్ళనీ కాపాడతాం అని ఎవడన్నా అంటే కాదనే వాణ్ణి నేను కాదు.

కాబట్టి బస్సులకీ రైళ్ళకీ భద్రత కల్పించడంలో దేశాలన్నీ ఒకదానికొకటి సాయం చేసుకోవాలని ఒప్పుకున్నాయని, ఆ దేశాల వాళ్ళు మన ఊరికి సభకి వస్తున్నారని పేపర్లో చదివి సంతోషించాను కూడా. మూడు రోజుల సభ. మొదటి రోజు రైల్వే స్టేషను, బస్టాండు చూస్తారట. ఆసుపత్రిలో మా ఆవిడకి చదివి వినిపించాను. "వాళ్ళొస్తున్నారంటే మరుగుదొడ్లు కడుగుతారు, మంచిదేగా" అని గుసగుసగా అంది.

కడిగారు. అది నిజం.

వాళ్ళొచ్చిన పొద్దున నన్ను గేటు దగ్గరే ఆపేశారు. తాడు కట్టి, టిక్కెట్టున్న వాళ్ళనే లోపలికి వదులుతున్నారు.

"నేనెక్కడికీ వెళ్ళనయ్యా. బస్సులో క్యారేజీ వస్తుంది, తీసుకుని వెళ్ళిపోతా."

"క్యారేజీ లేదు గీరేజీ లేదు. పక్కకి జరుగు పెద్దాయనా, ఫారినర్లొస్తున్నారు" అన్నాడు తాడు పట్టుకున్న కుర్ర పోలీసు.

అంతలో డ్రైవర్ ఫోను. "బాబాయ్, ఎక్కడున్నావ్? బండి తియ్యమని ఒకటే అరుపులు."

"గేటు బయట నిలబెట్టేశార్రా."

"సరే, నువ్వు నిలబడే స్తంభం దగ్గర పెట్టి వెళ్ళిపోతా. వదలగానే వచ్చి తీసుకో."

"పెట్టు" అన్నాను.

గేటు నుంచి ఆ స్తంభం కనిపిస్తూనే ఉంది. అతను దిగి, క్యారేజీ పెట్టి, పరుగున ఎక్కి బస్సు తీసేశాడు. ఆ వెనకే వాళ్ళొచ్చారు, కోట్లు వేసుకుని, మెళ్ళో కార్డులు వేలాడేసుకుని. వాళ్ళ ముందు ఒక కుక్క. కుక్క తిన్నగా నా క్యారేజీ దగ్గరికెళ్ళి వాసన చూసి కూర్చుంది. అది కూర్చుంటే అందులో మందుగుండు ఉన్నట్టు లెక్కట. ఆ రోజు అడుగు గిన్నెలో కొరమేను పులుసుందని దానికెవరు చెప్పాలి?

విజిల్సు మోగాయి. జనం పిల్లల్ని చంకనేసుకుని పరిగెత్తారు. నేను తాడు మీద పడి అరిచాను. "బాబూ, అది నాది! ఆసుపత్రిది! అందులో ఉన్నది చేపల పులుసయ్యా!" పక్కన ఎవరో ఫక్కున నవ్వారు. కుర్ర పోలీసు నా ఛాతీ మీద చెయ్యేసి వెనక్కి తోశాడు. చంద్రుడి మీదకి వెళ్ళేవాడిలా ఒకతను దళసరి దుస్తులేసుకుని వచ్చి, పొడుగాటి కొక్కెంతో క్యారేజీని లాగి పడగొట్టాడు. గిన్నెలు తలో దిక్కూ దొర్లాయి. జావ నేల మీద పారింది. కడిగిన నేలేలెండి.

ఆ పూట ఇడ్లీ పాలల్లో నానబెట్టి పెడితే మా ఆవిడ రెండు చెంచాలు మింగి మొహం తిప్పుకుంది.

"జావ రాలేదా?"

"బస్సు రాలేదు" అన్నాను.

సాయంత్రం డ్రైవర్ మళ్ళీ ఫోను చేశాడు. "బాబాయ్, రేపట్నుంచి రావద్దన్నారు." అతను నడిపేది అద్దె బస్సు. జీతమిచ్చేది బండి యజమాని, తప్పులు పట్టేది వేరేవాళ్ళు. ఎవరో యజమానికి ఫోను చేశారు, యజమాని ఇతనికి చేశాడు. అయిపోయింది. అంతకు ముందు ఎన్నో ఏళ్ళు లారీ మీద ఒరిస్సా, బెంగాలు తిరిగి, రాత్రికి ఇంటికొచ్చి పడుకునే పని ఇన్నాళ్ళకి దొరికిందని మురిసిపోయినవాడు. "ఇప్పుడు మళ్ళీ లారీయేనా బాబాయ్?" అన్నాడు.

మర్నాడు పేపరు తెరిచాను. ఉంది వార్త, ఫోటోతో సహా. విదేశీ ప్రతినిధుల సమక్షంలో బస్టాండులో ముందే అనుకుని జరిపిన భద్రతా విన్యాసం విజయవంతమైందట, అనుమానాస్పద వస్తువుని క్షణాల్లో పసిగట్టారట, అతిథులు మెచ్చుకున్నారట. మూడుసార్లు చదివాను. ముందే అనుకున్నారా? కొరమేను దొరుకుతుందో లేదో మా మరదలికే ముందు తెలీదే!

పేపరు మడిచి చంకలో పెట్టుకుని భద్రత చూసే ఆఫీసరు దగ్గరికి వెళ్ళాను. మర్యాదస్తుడే. కుర్చీ వేయించాడు, టీ తెప్పించాడు.

"అయ్యా, ఇది విన్యాసమా, నిజంగా జరిగిందా?" అని పేపరు చూపించాను.

"విన్యాసమేనండి."

"మరి విన్యాసమైతే డ్రైవర్ చేసిన తప్పేంటండి?"

"డ్రైవర్ దిక్కులేని వస్తువుని ప్లాట్‌ఫారం మీద వదిలేశాడు కదండీ."

"అతను వదిలితేనే కదండీ మీరు పట్టుకుంది! మీరే అనుకుని చేయిస్తే అతన్నెందుకు తీశారు? అనుకోకపోతే పేపరుకి ఇలా ఎందుకు చెప్పారు? రెండూ ఎలా కుదురుతాయి?"

ఆయన టీ కప్పు పక్కన పెట్టాడు. "బాగా మాట్లాడతారండి మీరు. ఎందాకా చదువుకున్నారు?"

"నాలుగు."

"నాలుగుకే ఇంత!" అని నవ్వి, గొంతు తగ్గించాడు. "రేపు బెంజ్ సర్కిల్ దగ్గర హోటల్లో ముగింపు సభండి. మీరొచ్చి, మేము చెబితేనే ఆ క్యారేజీ పెట్టించానని రెండు ముక్కలు చెప్పండి. అప్పుడు డ్రైవరూ మా మాట మీదే చేసినట్టవుతుంది. ఇక తప్పెక్కడుంది? ఎల్లుండి బండెక్కుతాడు."

"జరిగింది జరిగినట్టు చెబితేనో?"

"నిర్లక్ష్యం అవుతుంది. కేసు కూడా అవ్వచ్చు, మీ ఇద్దరి మీదా. మీ ఇష్టమండి."

బయటికొచ్చి డ్రైవర్‌కి చెప్పాను. అబద్ధం ఆడనని, వీళ్ళ సంగతి నలుగురిలో తేలుస్తానని ఎగిరాను. అతను చివరిదాకా విన్నాడు. "బాబాయ్, నీకు దణ్ణం పెడతా. తేల్చొద్దు. నేను మళ్ళీ లారీ ఎక్కలేను" అన్నాడు.

వెళ్ళాను. ఇస్త్రీ చొక్కా వేసుకుని మరీ వెళ్ళాను. ఆ హాల్లో చలికి పళ్ళు టకటకలాడాయి. బల్ల మీద అన్ని దేశాల జెండాలూ వరసగా చిన్న చిన్న పుల్లలకి గుచ్చి పెట్టారు. నా మెళ్ళో కూడా ఒక కార్డు వేశారు, స్వచ్ఛంద పౌరుణ్ణట. ఆఫీసరు నన్ను ముందుకి పిలిచి పరిచయం చేశాడు. తెలుగుని ఇంగ్లీషు చెయ్యడానికి ఒక అమ్మాయి నా పక్కన నిలబడింది. రెండు ముక్కలూ చెప్పాను. వాళ్ళు చెబితేనే పెట్టించానన్నాను. చప్పట్లు కొట్టారు.

ముందు వరసలో ఒక విదేశీ ఆవిడ ఏదో అడిగింది. పెట్టెలో ఏముందని అడుగుతున్నారండి, అంది పక్కనమ్మాయి.

"చేపల పులుసు" అన్నాను.

ఆ అమ్మాయి చెప్పగానే హాలంతా గొల్లుమంది. ఆఫీసరు అందరికంటే గట్టిగా నవ్వాడు. మూడు రోజుల్లో ఆ గదిలో పలికిన నిజం బహుశా అదొక్కటే. దాన్ని కూడా హాస్యం కింద జమ కట్టేశారు.

భోజనాల దగ్గర నా ఈడు విదేశీ ఆయన ఒకడు, జుట్టంతా నెరిసినవాడు, ఆ అమ్మాయిని వెంటబెట్టుకుని నా పక్కకొచ్చి కూర్చున్నాడు. చిన్నప్పుడు పట్నంలో చదువుకునే రోజుల్లో వాళ్ళమ్మ కూడా బస్సు డ్రైవర్‌కిచ్చి రొట్టె పంపేదట.

"ఇప్పుడు?" అన్నాను.

"ఇప్పుడు లేదటండి. ఆపేశారట."

"ఎవరాపారో అడుగమ్మా."

ఆయన ఫోర్కుతో అన్నం అటూ ఇటూ నెట్టి ఒక ముక్క అన్నాడు. ఆ అమ్మాయి నా వైపు చూడకుండా చెప్పింది. "మాలాంటి వాళ్ళమే, అంటున్నారండి."

ఆయన మీద నాకు కోపం రాలేదు. కోపమంతా వడ్డిస్తున్న వాడి మీద చూపించాను, పెరుగు పుల్లగా ఉందని.

ఆఫీసరు మాట తప్పలేదు. చెప్పిన రోజే డ్రైవర్ బండెక్కాడు. ఆ పొద్దున మా మరదలు క్యారేజీ పట్టుకెళ్తే తల అడ్డంగా ఊపాడట. "పిన్నీ, ఏమనుకోకు" అన్నాడట, అంతే. ఇంజను పెట్టె మీద పరాయి వస్తువులు పెట్టరాదని స్టిక్కరు అంటించారు.

మా ఆవిడ అప్పటికింకా ఆసుపత్రిలోనే ఉంది. వేరే ఏం పెట్టినా దిగేది కాదు. చేసేదేముంది? సాయంత్రం బస్సుకి నేనే దివిసీమ వెళ్ళి, మరదలింట్లో పడుకుని, పొద్దున క్యారేజీ ఒళ్ళో పెట్టుకుని అతని బస్సులోనే వచ్చేవాణ్ణి. డ్రైవర్ వెనక సీటే నాది. అద్దంలో మొహాలు ఎదురెదురుగా ఉండేవి. ఒక్క మాట లేదు. పిన్నికెలా ఉందని కూడా అడగలేదు. తప్పు చేసినవాడిలా అతనే తలొంచుకుంటుంటే నాకు ఒళ్ళు మండిపోయేది. అతని మీద కాదు.

ఒక పొద్దున దారిలో ఒక స్టాపు దగ్గర ఒకావిడ చిన్న సంచి పైకెత్తి పట్టుకుని నిలబడింది. మనవడు బెజవాడ కాలేజీలో ఉన్నాడట, జ్వరంగా ఉందట. "బాబూ, మిరియాల చారు. వాడు బస్టాండుకొచ్చి తీసుకుంటాడు నాయనా" అంది డ్రైవర్‌తో. అతను ఆమె వైపు చూడకుండా తల అడ్డంగా ఊపాడు. ఆవిడ కిటికీ వెంట నడిచి నా దగ్గరికొచ్చింది. నా ఒళ్ళో క్యారేజీ చూసిందేమో, సంచి నాకు అందించబోయింది. నేను కిటికీలోంచి చెయ్యి చాపాను.

"బాబాయ్" అన్నాడు అతను. అన్ని రోజుల తర్వాత అదే మొదటి మాట. "నా బండిలో వద్దు."

అద్దంలో అతని కళ్ళు ఎర్రగా ఉన్నాయి. చాపిన చెయ్యి లోపలికి తీసుకున్నాను. బస్సు కదిలింది. ఆవిడ సంచి అలాగే పట్టుకుని, ఎందుకు తీసుకోలేదో తెలీక, రోడ్డు మీద నిలబడి ఉంది.