గడప దాటని బాండ్లి

మైదుకూరులో సుందరలక్ష్మి ఇనుపంగడికి వచ్చి బేరంలో గెలిచిపోయినవాళ్లు లేరు. పెనాన్ని వేలితో కొట్టి, మోత విని, అది మంచిదో కాదో చెప్పేస్తుంది. భర్త నాగసుబ్బయ్య గల్లా దగ్గర కూర్చుని తల ఊపుతాడు. అంగడి వెనకే ఇల్లు, మధ్యన ఒక్క గడప.

ఆ శనివారం పొద్దున్నే నర్సు అంజలి వచ్చి, కడుపుతో ఉన్న కోడలు సుచరిత రక్తపరీక్ష సంగతి చెప్పింది.

"ఒంట్లో ఇనుము తక్కువుండాది పెద్దమ్మా. ఇట్లే ఉంటే కాన్పు ఈడ కాదు, కడపకు పంపిస్తారు."

"ఇనుము తక్కువా? నా కోడలికా?" ఊరంతా పకపకా నవ్వినట్టు వినబడింది సుందరలక్ష్మికి. "మాత్రలు నేనే దగ్గరుండి మింగిస్తాండానే!"

"దేంతో?"

"టీతో."

"అయ్యో, టీతో అయితే ఒంటికి పట్టదు. నిమ్మకాయ నీళ్లతో ఇయ్యి. పులుపాకు కూర ఇనుప బాండ్లిలో చెయ్యి, అదీ కొంచెం సాయమే. ఇప్పుడు దేంట్లో చేస్తాండారు?"

"నాన్‌స్టిక్‌లో," అంది సుచరిత లోపల్నుంచి. అత్త గుడ్లురిమింది. ఊరికంతా ఇనుము అమ్మి, తన పొయ్యి మీద మాత్రం తుప్పు పట్టదని అది పెట్టుకుంది మరి.

అంజలి అటు పోగానే సుందరలక్ష్మి మంచి బాండ్లి ఒకటి దించి, గడప దగ్గర టక్కున ఆగింది. శనివారం ఇనుము ఇంట్లోకి తేకూడదు. కొనేవాళ్లనే రేపు రమ్మని పంపే మనిషి.

"అంగడీ మనదే, ఇల్లూ మనదే గదా," అన్నాడు నాగసుబ్బయ్య.

"నువ్వు గమ్మునుండు. బిడ్డ పుట్టే ఇల్లు."

"అయితే రేపు చెయ్యి."

"ఈ పొద్దు దాన్ని పస్తు పెట్టమంటావా? బాండ్లి లోపలికి రాగూడదు గానీ, పొయ్యి బయటికి రాగూడదని యాడుండాది? ఎత్తుకొని రా!"

కొడవళ్ల మధ్య గ్యాస్ పొయ్యి వెలిగింది. బాండ్లిలో గంజి కాచి, తోమి, నూనె రాసి, చింతాకు పప్పు ఎక్కించింది. పోపు వాసనకు వీధిలో పోయేవాళ్లు ఆగిపోయారు.

"ఏం లక్ష్మమ్మా, హోటల్ పెట్టినావా?" అన్నాడు లారీ ఈరేష్.

"పెట్టినా. నీకు మాత్రం పెట్టను, పో."

సుచరిత గడప మీద కూర్చుని పళ్లెంలోకి చూసింది. "నల్లగుండాది అత్తా."

"నేను లేనా నల్లగ? తిను."

తినింది. మళ్లీ వేయమంది. ఆ తర్వాత ఆ ఇంట్లో టీకీ మాత్రకీ పొత్తు లేదు, పప్పుకు ఇనుప బాండ్లి తప్ప వేరే గిన్నె లేదు.

మళ్లీ పరీక్షయ్యాక అంజలి నవ్వుతూ వచ్చింది. "కాన్పు ఈడనే పెద్దమ్మా. మాత్రలు బాగా పని చేసినాయి."

"మాత్రలు నీవేలే, కాదన్నానా?" అంది సుందరలక్ష్మి. "కూర్చో. పప్పు తినిపో."